సుంకమింటి అరుగు

మా పేట చరిత్రలోకి ఎక్కబోతోందని మొదట చెప్పింది బెల్లం కొట్టు పుల్లయ్య. పుల్లయ్య మాట నమ్మితే నట్టేట మునిగినట్టేనని ఊళ్ళో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఆ తర్వాతి వారం విజయవాడ నుంచి తెల్ల జీపు వచ్చి సుంకమింటి ముందు ఆగింది. అప్పుడు అందరం నమ్మాం. ఏం నమ్మామో మాత్రం ఎవరికీ తెలియదు.

అది రెండు వేల నాలుగు ఎండాకాలం. ఆగస్టు ఆఖర్న కృష్ణా పుష్కరాలు. మా రేవుదిన్నె బందరు రోడ్డు మీద ఉంటుంది. ఎక్స్‌ప్రెస్ బస్సులు ఆగవు, చెయ్యెత్తితే డ్రైవరు తల అటు తిప్పుకుంటాడు. రోడ్డుకి ఒక పక్క కొత్త ఊరు, రెండో పక్క కాలవ వైపు దొరలపేట. కాలవలో పడవలు నడిచిన రోజుల్లో సరుకంతా అక్కడే దిగేదట, దాని సుంకం సుంకమింట్లో కట్టేవారట. లావుపాటి గోడలు, టేకు స్తంభాలు, పెంకులు జారిపోయిన మండువా ఇళ్ళు పాతిక దాకా ఉండేవి. డచ్చివాళ్ళు కట్టారని కొందరు, ఇంగ్లీషువాళ్ళని కొందరు వాదించుకునేవారు. మా ఆయన శివాజీ మాత్రం ఎవరు కట్టించినా మట్టి మోసింది మనవాళ్ళేలే అనేవాడు. ఆయన పొద్దున్నే బస్సెక్కి ఆటోనగర్‌లో లారీ పట్టీలు బాగుచేసే షెడ్డుకి పోయి, చీకటి పడ్డాక వచ్చేవాడు. పేట గొడవలు ఆయనకి పట్టేవి కావు.

జీపులో వచ్చినవాళ్ళు మా పేటని చరిత్రాత్మక ప్రాంతంగా ప్రకటిస్తామన్నారు. పుష్కరాలకి వచ్చే జనం బందరు రోడ్డున పోతూ ఆగి చూసిపోవాలట. ఆ మాట మీద ఊళ్ళో తలో మాట పుట్టింది. ఇంటి పన్ను ఉండదని ఒకరు, ఇంటికో పింఛను ఇస్తారని ఒకరు. కాదు, ఇక గోడకి మేకు కూడా కొట్టనివ్వరని ఇంకొకరు. మంచి జరగబోతోందో చెడు జరగబోతోందో తెలియక జనం ఒక పూట సంతోషపడి ఒక పూట భయపడేవారు. నేనూ అంతే. ఆ మాటకొస్తే, ఆ వేసవిలో నాకు అర్థమైన సంగతి ఒక్కటీ లేదు.

నేను శివాజీ ఇంటికి కోడలిగా వచ్చి అప్పటికి మూడు నెలలు. మాది గిలకలదిండి వైపు, సముద్రం మీద బతికే కుటుంబం. ఇంటర్ పాసయ్యాను. మా అత్త కొండలమ్మ సుంకమింటి అరుగు మీద చేపలు అమ్మేది. ఆ ఇంట్లో ఎవరూ ఉండరు, ఎప్పటిదో తాళం. ముందు మాత్రం పొడుగాటి రాతి అరుగు, దాని మీద వసారా. రోజూ పొద్దున బందరు నుంచి ఆటోలో సరుకు దిగేది. పదకొండు మంది ఆడవాళ్ళు వరసగా గంపలు పెట్టుకుని కూర్చునేవారు. మా అత్తది మెట్ల పక్కన మొదటి చోటు. పేటలోకి వచ్చే ప్రతి మనిషీ ఆమెని దాటుకునే పోవాలి. చందువాలు కావాలన్నా, పచ్చి రొయ్యలు కావాలన్నా ముందు కొండలమ్మని అడిగి, తర్వాతే పక్క గంప వైపు చూసేవారు. మా ఇల్లు నడిచింది ఆ చోటు మీదే. శివాజీ జీతం బస్సు చార్జీలకీ, ఆయన టీలకీ సరిపోయేది.

జీపులో వచ్చినవాళ్ళలో వినీల గారని ఒకావిడ. పాత కట్టడాల మీద చదువుకున్న మనిషి. నీలం చుడీదార్, మెడలో చిన్న శిలువ, ఎండకి కందిపోయిన మొహం. ఇంటింటికీ తిరిగి వివరాలు రాయడానికి చేతిరాత బాగున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగితే పుల్లయ్య కూతురు నా పేరు చెప్పింది. నలభై రోజుల పని. నేను అత్త మొహం చూశాను. ఆమె గంపలోంచి తల ఎత్తకుండానే, కూచుని రాసే పనేగా, ఎల్లు అంది. మర్నాడు పొద్దున మాత్రం నాకంటే ముందు లేచి నా చీర మడతలు తనే సర్దింది. ఆ చేతుల నీచువాసన నా చీరకి అంటుతుందేమోనని రెండుసార్లు సబ్బుతో కడుక్కుంది. అది చూసి నాకు సిగ్గేసింది.

ఒక్కో ఇంటికీ ఒక్కో ఫారం. ఎన్నేళ్ళ నుంచి ఉంటున్నారు, ఏం పని చేస్తున్నారు, ఇంటి గురించి పెద్దలు చెప్పిన సంగతులేమిటి. ఇవి అడగడమే తరువాయి, జనం మాటలు కోటలు దాటించారు. ఒకాయన తాత దొరకి కుర్చీ వేశాడట. ఇంకొకాయన ముత్తాత కుర్చీ వేయకుండా దొరని నిలబెట్టాడట. పుల్లయ్య తమ వంశం రెండొందల ఏళ్ళుగా ఆ ఇంట్లోనే ఉంటోందని చెప్పాడు. ఆ ఇంటిని పుల్లయ్య పన్నెండేళ్ళ కింద గుడివాడ వాళ్ళ దగ్గర కొన్నాడు. ఆ సంగతి పేటంతటికీ తెలుసు, ఇంకా తెలియాల్సింది వినీల గారికే. నేను కలం ఆపి చూస్తే, రాయమ్మా రాయి, తప్పుల్లేకుండా రాయి అన్నాడు. రాశాను. చెప్పింది చెప్పినట్టు రాయడమే నా పని అని వినీల గారు మొదటి రోజే అన్నారు.

ఇరవై రోజులకి సుంకమింటి దగ్గరికొచ్చాం. అరుగు మీద మొదటి మనిషి మా అత్తే. నేను ఆవిడ కోడలినని చెప్పబోయేలోపే వినీల గారు వంగి, మర్యాదగా, ఎన్నేళ్ళ నుంచి ఇక్కడ అమ్ముతున్నారండీ అని అడిగారు.

మా అత్త ఆవిడ మొహం చూసింది. తర్వాత నా చేతిలో కాయితం చూసింది.

"నేను ఈడదాన్ని కాదమ్మా. ఇయ్యాలే వచ్చాను. నీడగా ఉంటే కాసేపు కూచున్నాను, ఎల్లిపోతాను."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా ఊళ్ళో అంగడి ఆశీలు, అంటే కూర్చుని అమ్ముకునేవాళ్ళ దగ్గర రోజూ పన్ను వసూలు చేసుకునే హక్కు, ఏటా వేలం వేస్తారు. ఆ పాట ఎప్పుడూ జక్కయ్యదే. రోజూ కూర్చునేవాళ్ళకి ఒక రేటు, ఏదో ఒక రోజు వచ్చి పోయేవాళ్ళకి అందులో పావు వంతు. అందుకని జక్కయ్య పుస్తకం పట్టుకు వచ్చి ఎవరిని అడిగినా, ఇవాళే వచ్చానంటారు. ఇరవై ఏళ్ళుగా అదే జక్కయ్య, అదే గంపలు. అతను నవ్వుకుని, పావు వంతు రాసుకుని, పైన ఒక చేప పట్టుకుపోతాడు. దాన్ని ఎవరూ అబద్ధం అనుకోరు. ఎదురొచ్చినవాళ్ళు బాగున్నావా అంటే బాగున్నాననడం ఎలాగో ఇదీ అంతే. నేను కాపరానికొచ్చిన వారంలోనే మా అత్త నాకు నేర్పిన మొదటి పాఠం ఇది. కాయితం పట్టుకుని ఎవడొచ్చినా ఇయ్యాలే వచ్చానను, మిగతాది వాడే చూసుకుంటాడు అంది.

ఇప్పుడు కాయితం పట్టుకున్నది నేను. నాకు ఏం చెయ్యాలో తోచలేదు. కాదండీ, అబద్ధమండీ అంటే నలుగురిలో అత్తని దొంగని చేసినట్టు. ఊరుకుంటే నేను పని ఇచ్చినావిడని మోసం చేసినట్టు. మా అత్త నా వైపు చూసి కళ్ళతోనే రాయి అంది. రాశాను. తర్వాత పక్క గంప రావమ్మ, ఆ తర్వాత మిగతా తొమ్మిది మందీ అదే చెప్పారు. ఒకామె కొత్తగా ఉంటుందని నిన్న వచ్చానంది.

అరుగు బండల మీద వరసగా పల్లాలు ఉండేవి. అవేమిటని వినీల గారు అడిగారు. వెనకాలే తిరుగుతున్న పుల్లయ్య, అవి దొరలు వెండి రూపాయలు రాసులు పోసి కొలిచిన గుంటలని చెప్పాడు. ఆవిడ ఫోటో తీసుకున్నారు. కత్తిపీట ఒక్క చోటే పెట్టి, దాన్ని కాలితో తొక్కిపట్టి తరాల తరబడి చేపలు కోస్తే బండ అరిగి పడిన పల్లాలవి. మా అత్తకి తెలుసు, నాకూ తెలుసు. ఇవాళే వచ్చినవాళ్ళం కాబట్టి ఇద్దరం నోరెత్తలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో అత్తని అడిగాను. ఆవిడ ఆశీలు మనిషి కాదు, మంచిది, నిజం చెప్పాల్సింది కదా అన్నాను. మా అత్త పొయ్యి ఊదుతూ నవ్వింది.

"కాయితానికి నిజం చెప్పి బాగుపడినోణ్ణి ఒక్కణ్ణి చూపించు, రేపే ఎల్లి చెబుతాను."

నేను బిందె తీసుకుని నీళ్ళకి వెళ్ళాను. 

జూన్ మొదట్లో నా నలభై రోజులూ అయిపోయాయి. పని అయిపోయిందని ఇంట్లో చెప్పాలనుకుంటూ ఉండగానే లైబ్రరీ గోడకి చరిత్రాత్మక ఇళ్ళ జాబితా అంటించారు. పుల్లయ్య ఇల్లు అందులో నాలుగోది. రెండు వందల సంవత్సరాలుగా ఒకే వంశం అని పక్కన రాసి ఉంది. సుంకమిల్లు అన్నిటికంటే మొదటిది. దాని కింద ఇంకో రెండు వరసలు ఉన్నాయి. అరుగు మీద ఇటీవల వచ్చి చేరిన తాత్కాలిక విక్రేతలు పదకొండు మంది, పుష్కరాల లోపు తొలగించవలెను, రోడ్డు అవతల రేకుల షెడ్డు చూపించవలెను. పక్కనే ఆధారం కింద నా ఫారాల నకళ్ళు అంటించారు. నా గుండ్రటి రాత. అందరూ మెచ్చుకునే రాత. 

ఆ మర్నాటి నుంచి రోజూ వినీల గారి గదికి వెళ్ళాను, బతిమాలడానికి. లైబ్రరీ వెనక గదిలో ఆవిడ పటాలు గీసుకుంటూ ఉండేవారు. ఎందుకు వెళ్తున్నానో ఇంట్లో చెప్పలేదు. నా రాత వల్లే ఇదంతా అయిందని అత్త ముందు ఒప్పుకునే ధైర్యం లేక చెప్పలేదు. ఒక రోజు ఆవిడని అరుగు దగ్గరికి తీసుకుపోయాను. మధ్యాహ్నం వేళ, ఎవరూ లేరు. ఇంటి నుంచి తెచ్చిన కత్తిపీట పల్లంలో పెట్టి చూపించాను. దాని కాళ్ళు పోత పోసినట్టు కూర్చున్నాయి. వినీల గారు వంగి ఆ పల్లం అంచు వేలితో తడిమారు.

"నేను నమ్ముతున్నాను గంగా," అన్నారు. "కానీ ఆఫీసరు గారు రాయిని చూడరు, కాయితం చూస్తారు. జాబితా మీద అభ్యంతరాలు వినే మీటింగులో మీ అత్తగారే లేచి చెప్పాలి. ఇన్నేళ్ళుగా ఉన్నామని, ఆవిడ నోటితో."

ఇంటికొచ్చి అత్తకి చెప్పాను.  రావమ్మా మిగతావాళ్ళూ వచ్చి కూర్చున్నారు. నిజం చెబితే జక్కయ్య ఇరవై ఏళ్ళ ఆశీలు తిరగతోడతాడేమోనని వాళ్ళ భయం. చెప్పకపోతే చోటే పోతుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి. రేకుల షెడ్డుకి ఎవరు వస్తారు, రోడ్డు దాటి చేపలు కొనడానికి అని రావమ్మ ఏడ్చింది. ఆఖరికి మా అత్తే, సరే, నేను చెబుతాను, ఏమైతే అదయ్యింది అంది. ఆ మాటకి నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. మా అత్త ఒక కాయితానికి నిజం చెప్పబోతోంది.

జూలైలో పంచాయతీ హాల్లో మీటింగు పెట్టారు. ఆఫీసరు విజయవాడ నుంచి కారులో వచ్చాడు. ఏ శాఖో పేరు చెప్పారు గానీ నాకు నోరు తిరగలేదు. ముందు వరసలో పుల్లయ్య, అతని పక్కన జక్కయ్య. మా వాళ్ళు పదకొండు మంది వెనక గోడకి ఆనుకుని నేల మీద కూర్చున్నారు. మా అత్త ఆకుపచ్చ జరీ అంచు చీర కట్టుకుంది. శివాజీ పెళ్ళికి కట్టిన చీర అది.

పిలవగానే లేచింది. జక్కయ్య వైపు చూడలేదు.

"అయ్యా, నేను ముప్పై ఎనిమిదేళ్ళ నుంచి ఆ అరుగు మీదే కూచుంటున్నాను. నాకంటే ముందు మా అత్త కూచుంది, ఆమెకంటే ముందు ఆమె అత్త. పడవలొచ్చేటప్పుడు ఈ పేటకి చేప పెట్టింది మేమే."

 జక్కయ్య తల దించుకున్నాడు. అతనికి కోపం వచ్చినట్టు నాకనిపించలేదు. ఆఫీసరు కళ్ళజోడు సర్దుకుని ఫైలు తిప్పాడు. ఇక్కడ వేరేగా ఉందే అన్నాడు. ఇది రాసిందెవరని అడిగాడు.

నేను లేచి నిలబడ్డాను.  ఆవిడ చెప్పిందే రాశావా, నీకు తోచింది రాశావా అని ఆఫీసరు అడిగాడు. ఒక్క మాటలో తేలిపోయే సంగతి. చెప్పిందే రాశానంటే అత్త అబద్ధాలకోరు. అందుకని నేను ముందే అనుకుని వచ్చిన మాట అన్నాను.

"తప్పు నాదేనండీ. ఆవిడ ముప్పై ఎనిమిదేళ్ళనే చెప్పింది. నేనే సరిగా రాయలేదు."

"పదకొండు మందికీ సరిగా రాయలేదా?"

 ఆఫీసరు వినీల గారి వైపు తిరిగి, ఇలాంటివాళ్ళని పనుల్లో ఎలా పెట్టుకుంటారండీ అని మందలించాడు. ఈ అమ్మాయి పేరు రాసుకోండి, ఇకముందు ఏ ఆఫీసులోనూ చిన్న పని కూడా ఇవ్వకుండా చూడండి అన్నాడు. పెద్దగా అరవలేదు. తారీఖు చెప్పినంత మామూలుగా చెప్పాడు. నాకు నిజంగా బెంగ లేదు. ఎలాగూ నాకు ఏ పనీ లేదు. చోటు నిలబడితే చాలుననుకున్నాను.

మా అత్త ఇంకా కూర్చోలేదు. నిలబడే ఉంది.

"ఆగండయ్యా," అంది. "ఆ పిల్ల పేరు రాయొద్దు. అది తప్పు రాయలేదు. నేను చెప్పిందే రాసింది. మేం మొన్నమొన్నే వచ్చాం."

ఎవరో పక్కన అయ్యో అన్నారు. రావమ్మ మా అత్త చీర చెంగు పట్టి లాగింది. మా అత్త చెంగు విడిపించుకుని కూర్చుంది. ఆఫీసరు మొహంలో చిక్కు విడిపోయినట్టు కనబడింది. సంతకం పెట్టాడు. వినీల గారు నా వైపు చూశారు. నేను ఆవిడ వైపు చూడలేకపోయాను.

పుష్కరాలకి పది రోజుల ముందే అందరినీ రేకుల షెడ్డుకి మార్చారు. రావమ్మ అనుకున్నట్టే అయింది. ఆ ఎండకి, ఆ లారీల దుమ్ముకి రోడ్డు దాటి వచ్చినవాళ్ళు తక్కువ. ఆరు నెలల్లో ఐదుగురు మానేశారు, వాళ్ళలో మా అత్త ఒకతె. రావమ్మ మాతో మూడేళ్ళు మాట్లాడలేదు. మాట్లాడకపోవడం తప్పని నేను అనను. ఒక్కరి కోసం పదిమంది చోటు ఇచ్చేసింది మా అత్త. ఎందుకిచ్చిందో వాళ్ళకి తెలియదు. మొదట నాకూ తెలియదు.

మీటింగు రోజు సాయంత్రమే నాకు తెలిసింది. ఇద్దరం కాలవ గట్టు మీద నడిచి వచ్చాం. ఇంటికి రాగానే ఆమె చీర మార్చుకుని, మడతపెట్టి పెట్టెలో పెట్టి, పొయ్యి వెలిగించింది. ఆ రోజు మిగిలిన మాగ చేప ముక్కలు పులుసు పెట్టింది. నేను గడప మీద కూర్చుని ఏడుస్తున్నాను. ఎందుకు మాట మార్చావత్తా, నన్నేమైనా అననిచ్చి ఊరుకుంటే పోయేదిగా అన్నాను. నాకు ఆమె మీద కోపం. ఆమె నన్ను కాపాడిందని కూడా తెలుస్తోంది. 

"ఏడవకే," అంది. "చోటుదేముంది, బండరాయి. మా అత్త నాకు అదే ఇచ్చింది, నేను నీకు అది ఇయ్యకూడదనుకున్నాను. మూడు నెలలైంది, పొద్దున్నే తల దువ్వుకుని పెన్ను పెట్టుకుని ఆఫీసుకి ఎల్తన్నావు. మన ఇళ్ళలో ఎవరు ఎల్లారు? ఇయ్యాల కాకపోతే రేపు పర్మినెంటు చేస్తారు. ఆడు నీ పేరు రాసుకుంటే అది పోయేది కదా."

నేను నోరు తెరిచాను. ఆ పని అయిపోయి నెల దాటిందని, రోజూ పోయేది ఆఫీసుకి కాదని, ఈ చోటు కోసమే బతిమాలుకోవడానికని చెప్పాలి. ఆ ఒక్క ముక్క ముందే చెప్పి ఉంటే హాల్లో ఆమె కూర్చునే ఉండేది. నా పేరు పోయేది, చోటు మిగిలేది.  ఆమె మొహం చూశాను. చోటు పోగొట్టుకున్న మనిషిలా లేదు. బేరంలో గెలిచినదానిలా ఉంది.

ఏమీ అనలేకపోయాను. ఇరవై ఏళ్ళు దాటింది, చెప్పి ఉండాల్సిందో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. శివాజీకి కూడా చెప్పలేదు.

మా అత్త కంచంలో అన్నం పెట్టి, పెద్ద ముక్క ఏరి నాకే వేసింది. తిని తొందరగా పడుకో, పొద్దున్నే ఆఫీసుకి ఎల్లాలిగా అంది.

మర్నాడు పొద్దున ఆమె నా చీర మడతలు సర్దింది. నేను తల దువ్వుకుని, పెన్ను తీసుకుని, వెళ్ళొస్తానత్తా అని చెప్పి బయటికొచ్చాను. వీధి మలుపు దాకా ఆమె గుమ్మంలోనే నిలబడి చూస్తోంది. మలుపు తిరిగాక ఆగాను. ఎటు వెళ్ళాలో నాకు తెలియలేదు.